బీఏతో పాటు సోషల్ వర్క్: రెండు డిగ్రీలు ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా?

"మా పాప బీఏ చేత్తానంటందండి. దాంతోపాటు ఆ సోషల్ వర్కో ఏదో కూడా కలిపి చదివేయొచ్చంట కదండీ. ఒకేసారి రెండు డిగ్రీలొచ్చేత్తాయంట. నిజమేనాండి?"

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఉంటే ఒకావిడ అడిగిన మాట ఇది. పక్కన ఆ అమ్మాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఇంటర్ మార్కుల కాగితాలు. అవతలి ఒడ్డున నర్సాపురం. గోదావరి పాయ వశిష్ఠ దాటే ఆ కాసేపట్లో చెప్పగలిగింది చెప్పాను గానీ సగం మాటలు నోట్లోనే ఉండిపోయాయి. ఒడ్డు రాగానే వాళ్ళు ఆటో ఎక్కేశారు. ఆ మిగిలిపోయిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

నేను ఇక్కడే బీఏ చదివి, తర్వాత సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ చేసి, చాలా ఏళ్ళుగా గోదావరి మధ్య దీవుల్లాంటి లంక గ్రామాల్లోనూ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళ కుటుంబాలతోనూ పనిచేస్తున్నాను. కాబట్టి నా సలహా ఒక పక్కకు మొగ్గే ఉంటుంది. ఎటు మొగ్గుతుందో ముందే చెప్పేస్తాను. ఎన్ని డిగ్రీలు వస్తాయన్నది రెండో ప్రశ్న. ఆ చదువులో పిల్ల ఎన్ని గంటలు మనుషుల మధ్య గడుపుతుంది, పక్కన తప్పులు దిద్దే పెద్దవాళ్ళు ఎవరుంటారు అన్నది మొదటి ప్రశ్న. ఈ చదువులో ఫీల్డ్‌వర్క్ లేకపోతే మిగిలేది కాగితమే.

ముందు పేర్ల గందరగోళం

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో హ్యూమన్ సర్వీసెస్ అని ఒక డిగ్రీ ఉంటుంది. పిల్లల సంరక్షణ, వృద్ధులు, వికలాంగులు, ఇల్లు లేనివాళ్ళు, గృహహింస బాధితులు, వీళ్ళకు అందే సేవలను నడపడం నేర్పే చదువు అది. దానికి ఆర్ట్స్ జోడించి డబుల్ డిగ్రీగా ఇస్తారు. కన్సల్టెన్సీల బోర్డుల మీద మన పిల్లలు చూసేది ఇదే. మన దగ్గర ఆ పేరుతో చదువు దాదాపు కనబడదు. దానికి దగ్గరి చుట్టం సోషల్ వర్క్: ఇంటర్ తర్వాత బీఎస్‌డబ్ల్యూ, ఏదైనా డిగ్రీ తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ. ఆర్ట్స్ అంటే మన పాత బీఏ. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ కలిపి హెచ్ఈపీ అని పిలుచుకునేవాళ్ళం. 2023-24 నుంచి రాష్ట్రంలో ఒకే మేజరు, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, పద్ధతి వచ్చాక ఆ మూడక్షరాల పేర్లు వెనకబడ్డాయి.

డెల్టాలో ఉన్న పిల్లకి నాలుగు దారులున్నాయి. దగ్గర్లో బీఏ చేసి తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ. బయటికెళ్ళి నేరుగా బీఎస్‌డబ్ల్యూ. కాలేజీలో బీఏ చదువుతూనే దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ. లేదా ఆస్ట్రేలియా డబుల్ డిగ్రీ.

ఈ రెండు చదువులూ ఎందుకు కలవాలి

దారులు పోల్చేముందు ఒక సంగతి చెప్పాలి. ఇది అర్థం కాకపోతే "బీఏ ఎందుకు, నేరుగా సోషల్ వర్కే చేసేస్తే పోలేదా" అనిపిస్తుంది.

ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడు ఫీల్డ్‌వర్క్‌లో నాకు నర్సాపురం పక్కన ఒక ఊరు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్ళి ఫారం నింపాలి. ఒక అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. "ఏం పని చేస్తారండి?" అన్నాను. "ఏం చెయ్యనండి, ఇంటికాడే ఉంటాను" అంది. నేను బుద్ధిగా "గృహిణి" అని రాసుకున్నాను. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు ఆగలేదు. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో సూది, పూవు తర్వాత పూవు. లేసు అల్లుతోంది. నేను చూశాను. చూసి కూడా గృహిణి అనే రాశాను.

చాలా నెలల తర్వాత లైబ్రరీలో తెలిసింది, నాకంటే ఎంతో ముందే ఆ పొరపాటును ఒకరు పట్టుకున్నారని. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ళను పరిశోధించి 1982లో పుస్తకం తెచ్చింది. వాళ్ళను పనివాళ్ళుగా కాక, ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే ఇల్లాళ్ళుగా చూడబట్టే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని అందులో చూపించింది. ఇక్కడి లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. అల్లిన చేతులు మాత్రం లెక్కల్లోకి రాలేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు మొదట ఆ అరుగే గుర్తొచ్చింది.

నా ఫారంలో ఆ మాట తప్పని నాకు చెప్పింది సోషియాలజీ, ఎకనామిక్స్. ఆ తర్వాత ఆవిడకు బ్యాంకు ఖాతా ఎలా తెరిపించాలి, డ్వాక్రా సంఘంలో ఏ మాట ఎలా ఎత్తాలి, ఆవిడ వద్దంటే ఎక్కడ ఆగాలి, ఇవన్నీ నేర్పింది సోషల్ వర్క్. మొదటిది లేకపోతే ఫారం నింపే మనిషిగా మిగులుతాం. రెండోది లేకపోతే వ్యాసం రాసి పక్కన పెడతాం. ఈ రెండూ కలపాలని కోరుకునే పిల్లది మంచి బుద్ధి. ఇక తేల్చుకోవాల్సింది ఏ వరసలో కలపాలన్నదే.

మన నేల మీదే ఒక మనిషి ఉన్నారు చూడండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నవయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పారు. ఆ పనిలో పడ్డాకే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రంలో బీఏ ఆనర్స్ చదివారు, ఆ తర్వాత మద్రాసులో లా చేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ముందు మనుషులు, తర్వాత బీఏ, ఆపైన వృత్తి విద్య. ఆవిడ రోజుల్లో డబుల్ డిగ్రీ మాటే లేదు. వరస మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

బీఏ ఇక్కడ, ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. మొత్తం అయిదేళ్ళు.

డెల్టాకు పాత కాలేజీల విషయంలో లోటు లేదు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల మూలాలు 1853 నాటివి. కాకినాడ పీఆర్ కళాశాలకు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. భీమవరం, నర్సాపురం, అమలాపురం, ఏలూరు ఎక్కడ చూసినా డెబ్బై ఏళ్ళు దాటిన కాలేజీలున్నాయి. ప్రవేశాలు ఉన్నత విద్యామండలి వారి ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతాయి. అందులో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు కాలేజీ పేరు కంటే మేజరు ముఖ్యం. సోషియాలజీ దొరికితే అది, లేదంటే ఎకనామిక్స్, అదీ కాకపోతే పాలిటిక్స్. తెలుగు మేజరు తీసుకుని సోషల్ వర్క్‌లోకి వచ్చినవాళ్ళు కూడా నాకు తెలుసు. కేసు రిపోర్టు రాయడంలో వాళ్ళ చెయ్యి ఎంత బాగుంటుందో చెప్పలేను. మనిషి చెప్పిన మాటను మనిషి చెప్పినట్టే కాగితం మీద పెట్టగలరు.

మన రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి పిల్లకీ ఒక అవకాశం ఉంది, దాన్నెవరూ సరిగ్గా వాడుకోరు. 2020-21లో పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో 180 గంటలు ఒక ఊరితో పనిచేయాలి. చాలాచోట్ల ఇది సీనియర్ల రికార్డు చూసి రాసేసుకునే తంతుగా మారింది. అది చూస్తే బాధేస్తుంది. సోషల్ వర్క్ తనకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష అది. ఆ 180 గంటలు నిజంగా ఒక లంకలోనో, ఒక మత్స్యకార పేటలోనో గడపండి. అంగన్‌వాడీలో కూర్చోండి. వరదలో మునిగిన ఇళ్ళ జాబితాలో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు చూడండి. రెండు నెలలకి ఇంటికొచ్చి "అమ్మా, నాకిది పడదు" అనిపిస్తే ఏం నష్టం లేదు, బీఏ చేతిలో ఉంటుంది. గ్రూప్స్ రాసుకోవచ్చు, బీఈడీ చేయొచ్చు, లా చదవొచ్చు. "ఇదే కావాలి" అనిపిస్తే ఎంఎస్‌డబ్ల్యూకి మనసు సిద్ధమైనట్టే. ఇంటర్ అయిన పదిహేడేళ్ళ పిల్లకి ఈ తీర్మానం ఇప్పుడే చెయ్యమనడం కంటే, ఇరవై ఏళ్ళ పిల్లకి చెయ్యమనడం న్యాయం.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాత సోషల్ వర్క్ విభాగం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీసెట్ రాయాలి. 1936లో ముంబైలో మొదలైన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అదే టిస్, హైదరాబాద్‌లో కూడా ఒక ప్రాంగణం నడుపుతోంది. మంచి విభాగంలో అయితే వారానికి రెండు రోజులు ఫీల్డ్, ఒక గ్రామీణ శిబిరం, చివర్లో ఒకే సంస్థలో నెల రోజులు వరసగా పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్ ఉంటాయి. వారం వారం ఫ్యాకల్టీతో కూర్చుని "అక్కడ నువ్వెందుకలా అన్నావు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. చదువంతా ఆ కుర్చీలోనే ఉంది.

మూడేళ్ళకు బీఏతో బయటికి రావాలా, నాలుగో ఏడు ఆనర్స్ చేసి ఒక్క ఏడాది పీజీకి వెళ్ళాలా అని కూడా అడుగుతున్నారు. సోషల్ వర్క్ విషయంలో నేను మూడు ప్లస్ రెండు వైపే. ఫీల్డ్‌వర్క్‌ని ఒక ఏడాదిలోకి కుదిస్తే మొదట తగ్గిపోయేది ఆ వారపు సంభాషణే.

రెండూ ఒకేసారి: చట్టం ఒప్పుకుంటుంది, క్యాలెండరు ఒప్పుకోదు

రేవులో ఆవిడ విన్నది అబద్ధం కాదు. 2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకే సమయంలో రెండు డిగ్రీలు చదవొచ్చు. రెండూ కాలేజీకి వెళ్ళి చదివేవైతే తరగతుల వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒకటి రెగ్యులరు, ఒకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ అయినా పర్వాలేదు, రెండూ దూరవిద్యే అయినా పర్వాలేదు. దూరవిద్య ఇచ్చే సంస్థకు యూజీసీ గుర్తింపు ఉండాలి. పీహెచ్‌డీకి ఇది వర్తించదు.

మన డెల్టాలో ఆచరణకు వచ్చేది ఒక్కటే, కాలేజీలో బీఏ, దూరవిద్య ఇచ్చే ఇగ్నో విశ్వవిద్యాలయంలో బీఎస్‌డబ్ల్యూ. రెండు రెగ్యులర్ కోర్సుల మాట మర్చిపోండి. ఉదయం ఒకచోట, సాయంత్రం ఒకచోట అంటే వేళలు కలవాలి, బస్సులు కలవాలి. పైగా టీసీ ఒక్కటే ఉంటుంది, రెండు కాలేజీలు ఒరిజినల్ అడిగితే ఏది ఎవరికిస్తారు?

ఇగ్నో దారి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇందులోకి వెళ్ళే పిల్లలు ఎక్కువగా తెలివైనవాళ్ళు, కష్టపడేవాళ్ళు. వాళ్ళే ఎక్కువగా నలిగిపోతున్నారు.

మొదటి ఇబ్బంది పరీక్షలు. ఇగ్నో టర్మ్ పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. మన సెమిస్టర్ పరీక్షలు కాస్త జరిగితే చాలు, డిసెంబర్‌లో రెండూ వచ్చి మీద పడతాయి. ఒకదాన్ని వదిలేసుకోవాలి. అలా వదిలేసినవి పేరుకుని, మూడేళ్ళ కోర్సు అయిదేళ్ళయిన పిల్లలున్నారు.

రెండోది భాష. బీఎస్‌డబ్ల్యూ పుస్తకాలు ఇంగ్లీషులో వస్తాయి, అసైన్‌మెంట్లు కూడా అంతే. తెలుగు మీడియంలో చదివిన పిల్లకి మొదటి ఏడాది ఇది బరువు. మొయ్యలేనిది కాదు, కానీ బీఏ కూడా ఇంగ్లీషు మీడియంలోకి మారిన కాలంలో రెండు బరువులూ ఒకే భుజం మీద పడతాయి.

మూడోది, నా దృష్టిలో అసలైనది, ఫీల్డ్‌వర్క్. దూరవిద్య బీఎస్‌డబ్ల్యూలో కూడా ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి, దానికి ఒక పర్యవేక్షకుడు ఉండాలి, రికార్డు సమర్పించాలి. సోమవారం నుంచి శనివారం దాకా కాలేజీలో ఉండే పిల్ల ఇది ఎప్పుడు చేస్తుంది? ఆదివారం అంగన్‌వాడీ ఉండదు, గ్రామ సచివాలయం తెరవరు. అప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు. నేను చదివినచోటే, అది రెగ్యులర్ కోర్సే అయినా, ఒక సెమిస్టరు మొత్తం మాకు కేటాయించిన సంస్థ తలుపు తియ్యలేదు. చివర్లో అందరి రికార్డుల మీదా ఒకేరోజు సంతకాలు పెట్టి ఇచ్చేశారు. ఆ సెమిస్టరులో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ మార్కులు చూసుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఏజెంటు మోసం చేసిన ఒక తల్లి నా ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక ఫారం తీసి పేరు అడిగాను. ఆ సెమిస్టరులో నేర్చుకోవాల్సింది అదే.

మరి ఒకేసారి చదివే దారి ఎవరికీ పనికిరాదా? పనికొస్తుంది. ఇప్పటికే ఏదో ఒక క్షేత్రంలో ఉన్నవాళ్ళకు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, స్వచ్ఛంద సంస్థలో చేసే కుర్రాడు, వీళ్ళకు మనుషుల మధ్య గడపడమే ఉద్యోగం. వాళ్ళు బీఏ కూడా దూరవిద్యలోనే పెట్టుకుని, తీరిక చూసుకుని చెయ్యవచ్చు. రెగ్యులర్ బీఏ చదివే పిల్లకి రెండో కోర్సు కావాలనిపిస్తే, డిగ్రీకి బదులు ఆరునెలల సర్టిఫికెట్టో, ఏడాది డిప్లొమానో చాలు.

సైకాలజీ గురించి ఒక హెచ్చరిక. "బీఏ రెగ్యులర్, సైకాలజీ డిస్టెన్స్" అని ఇప్పటికీ సలహా చెప్పేవాళ్ళున్నారు. ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం 2021 కిందికి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వకూడదని యూజీసీ ఆపేసింది. ఎవరైనా సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి.

నేరుగా బీఎస్‌డబ్ల్యూ

దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. మన జిల్లాల్లో చెప్పుకోదగ్గ అవకాశం లేదు, బయటికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ ఇందుకు పేరున్నది. పదిహేడేళ్ళకే తనకేం కావాలో తెలిసిన పిల్లకి, ముఖ్యంగా ఇంట్లోనో ఊళ్ళోనో ఈ పని దగ్గరగా చూసిన పిల్లకి, ఇది మంచి చదువే. మూడేళ్ళ ఫీల్డ్‌తో ఎంఎస్‌డబ్ల్యూలోకి వస్తే మిగతావాళ్ళ కంటే ఒక అడుగు ముందుంటుంది. మనసు మారితే వెనక్కి తిరిగే దారి బీఏ అంత వెడల్పు ఉండదు. హాస్టలు ఖర్చు కలుపుకోండి.

ఆస్ట్రేలియా డబుల్ డిగ్రీ

ఇక్కడ తల్లిదండ్రులతో సూటిగా మాట్లాడాలి.

చదువు మంచిది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. హ్యూమన్ సర్వీసెస్ ఒక్కటే అయితే మామూలుగా మూడేళ్ళు, ఆర్ట్స్‌తో కలిపితే నాలుగేళ్ళు. రెండిట్లోనూ ఉమ్మడిగా చెల్లే పేపర్లను కలుపుకోవడం వల్ల ఆరేళ్ళది నాలుగేళ్ళవుతుంది. ప్లేస్‌మెంట్లు (ఉద్యోగాలు కాదు, చదువులో భాగంగా సంస్థల్లో చేసే ఫీల్డ్‌వర్క్) గట్టిగా ఉంటాయి, పిల్లలతో పనిచేయాలంటే ముందు పోలీసు తనిఖీ ఉంటుంది, పర్యవేక్షణ ఉంటుంది. ఇక్కడ నేను ఏ లోటు గురించి బాధపడుతున్నానో అది అక్కడ లేదు.

అసలు చిక్కు పేరులో ఉంది. అక్కడ హ్యూమన్ సర్వీసెస్ వేరు, సోషల్ వర్క్ వేరు. సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఆ దేశపు సోషల్ వర్కర్ల సంఘం గుర్తించిన డిగ్రీ కావాలి. అది నాలుగేళ్ళ బ్యాచిలర్సో, లేదా వేరే డిగ్రీ తర్వాత రెండేళ్ళ మాస్టర్సో అయి ఉండాలి. రెండిట్లోనూ కనీసం 1000 గంటల ఫీల్డ్ విద్య ఉంటుంది. స్కిల్డ్ వీసా కోసం సోషల్ వర్కర్ల అర్హతను మదింపు చేసేదీ ఆ సంఘమే. కమ్యూనిటీ వర్కర్, వెల్ఫేర్ వర్కర్ లాంటి పేర్లకు వేరే సంఘం ఉంది. నాలుగేళ్ళూ లక్షలూ పోసి డబుల్ డిగ్రీ తెచ్చుకున్న పిల్ల, చివర్లో "నేను సోషల్ వర్కర్ని కాదా?" అని తెలుసుకోవడం ఎంత బాధ! కన్సల్టెన్సీలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ డిగ్రీని ఏ సంఘం గుర్తించింది, దాంతో ఏ పేరుతో పనిచేయొచ్చు?

డబ్బు సంగతి. ఫీజు కాక, ఒక ఏడాది బతకడానికి 29,710 ఆస్ట్రేలియా డాలర్లు ఉన్నాయని చూపించాలి. 2024 మే నుంచి ఇదే నియమం. డాలరు 55 రూపాయలనుకున్నా అది 16 లక్షలు దాటుతుంది. వీసా దరఖాస్తు రుసుము 2025 జులై నుంచి 2000 డాలర్లు, అంటే లక్ష పైమాటే, వీసా రాకపోయినా తిరిగి రాదు. తరగతులు నడిచే రోజుల్లో పక్షానికి 48 గంటలే పని చేసుకోవచ్చు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ ఆ 48లోకి రాదు, అది మేలే. కానీ ప్లేస్‌మెంట్‌కి మామూలుగా జీతం ఉండదు. సోషల్ వర్క్, నర్సింగ్ లాంటి చదువుల్లో ప్లేస్‌మెంట్ చేసే విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం 2025 నుంచి భత్యం ఇస్తోంది, అది ఆ దేశస్థులకే. నెలల తరబడి పగలంతా జీతం లేని ప్లేస్‌మెంట్, రాత్రి హోటల్లో గిన్నెలు. మన పిల్లలు చేస్తారు, చేస్తున్నారు. చెయ్యడం వేరు, చెయ్యాల్సి వస్తుందని ముందే తెలిసి వెళ్ళడం వేరు.

కొబ్బరి తోట తాకట్టు పెట్టో, చెరువు లీజు డబ్బు మొత్తం పోసో పంపాలనుకుంటే నా మాట వినండి: డబుల్ డిగ్రీకి పంపకండి. ఇక్కడ బీఏ చేయించండి, సోషియాలజీ మేజరుతో. ఆ 180 గంటలూ నిజంగా చేయించండి. వీలైతే ఒక ఏడాది ఏదైనా సంస్థలో పని చెయ్యనివ్వండి. అప్పుడు అక్కడి రెండేళ్ళ క్వాలిఫయింగ్ మాస్టర్స్‌కు పంపండి. దానికి సామాజిక శాస్త్రాల చదువు కొంత ఉండాలని అడుగుతారు, సోషియాలజీ బీఏ అందుకు పనికొస్తుంది. నాలుగేళ్ళ ఖర్చు రెండేళ్ళదవుతుంది, చివర్లో సోషల్ వర్కర్ అనే పేరూ వస్తుంది. పిల్లకి కూడా పదిహేడు బదులు ఇరవై ఒకటి, ఇరవై రెండు ఉంటాయి. ఖర్చు సమస్య కాని కుటుంబాలకు, పిల్ల స్వయంగా అక్కడి జీవితమే కోరుకుంటే, డబుల్ డిగ్రీ వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

ఉద్యోగం మాటేంటి?

అందరూ అడిగేది, అడగాల్సిందే. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో పర్యవేక్షకుల పోస్టులు, జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రాలు, ఆసుపత్రుల్లో హెచ్ఐవీ కౌన్సెలర్లు, స్వచ్ఛంద సంస్థలు, ఇవి మన చుట్టూ ఉన్నవి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పోస్టులే, జీతం మొదట్లో తక్కువే. ఇది దాచి పిల్లని చేర్పించడం మోసం. కార్మికులు ఎక్కువమంది ఉన్న ఫ్యాక్టరీల్లో సంక్షేమ అధికారి ఉండాలని చట్టం చెబుతుంది. ఎంఎస్‌డబ్ల్యూలో కార్మిక సంక్షేమం స్పెషలైజేషన్ తీసుకున్నవాళ్ళకు అది ఒక దారి, జీతం కాస్త మెరుగు. మానసిక ఆరోగ్యం వైపు వెళ్ళాలనుకుంటే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత ఆసుపత్రి శిక్షణతో కూడిన మరో చదువు ఉంటుందని గుర్తుంచుకుని, ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోవాలి.

సర్కారు ఉద్యోగమే గురి అయితే, గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. రెండు డిగ్రీలకు రెండు మార్కులేమీ కలపరు. మంచి బీఏ ఒక్కటి చదివి, మిగిలిన సమయం ఆ పరీక్షకే పెట్టండి.

చేరేముందు

ఏ దారి పట్టినా, దరఖాస్తు పెట్టేముందు ఒక రోజు కేటాయించి ఆ విభాగానికి వెళ్ళండి. ఫోన్లో కాదు, మనిషే వెళ్ళాలి. అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి, ఆమెనే మాట్లాడనివ్వండి. ఫీల్డ్‌వర్క్ ఏ రోజుల్లో ఉంటుంది, ఏ సంస్థల్లో వేస్తారు, ఒక ఫ్యాకల్టీ దగ్గర ఎంతమంది పిల్లలుంటారు, లంక నుంచి వచ్చే పిల్ల వరద రోజుల్లో రాలేకపోతే ఆ గంటలు ఎలా సర్దుతారు అని అడగమనండి. ఈ చివరి ప్రశ్న మన పిల్లలకు తప్పనిసరి. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తే రేవులు ఆగిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే సొంత ఊళ్ళో చెయ్యాల్సిన పని ఎక్కువ ఉంటుంది. పునరావాస కేంద్రంలో ఆ పిల్ల చేసిన పనిని ఫీల్డ్‌వర్క్‌గా లెక్కేసుకునే విభాగం దొరికితే, ఇంకేం చూడక్కర్లేదు.

తర్వాత, గత ఏడాది విద్యార్థి రాసిన ఫీల్డ్‌వర్క్ రికార్డు ఒకటి, పేర్లు కప్పేసి చూపించమనండి. నాలుగు పేజీలు తిరగేస్తే తెలిసిపోతుంది. ప్రతి వారం తేదీ కింద ఎర్ర సిరాతో ఎవరో ప్రశ్నలు రాసి ఉంటే, అక్కడ చదువు జరుగుతోంది. అన్ని పేజీల మీదా ఒకే సిరాతో ఒకేరోజు పెట్టిన సంతకాలుంటే, ఆ రికార్డు మూసి తిరిగిచ్చేసి, తర్వాతి కాలేజీకి బస్సెక్కండి.